జింక ఎవరిది? చేను ఎవరిది?

1

తొమ్మిదో తరగతి పిల్లలకు ఒకరోజు శాకుంతలం కథ చెబుతున్నాను. దుష్యంతుడు రథమెక్కి జింకను తరుముకొస్తాడు. బాణం వదలబోయే క్షణంలో మునులు అడ్డమొచ్చి ఇది ఆశ్రమ మృగం, చంపరాదంటారు. రాజు బాణం దించుతాడు. అంతవరకు చెప్పి, ఎంత బలవంతుడైనా ఆగవలసిన హద్దు ఒకటుంటుందని కాళిదాసు చూపించాడని నాలుగు మాటలు వివరించాను. వెనక బెంచీలోంచి ఒక పిల్లవాడు లేచి, "సార్, ఆ జింక రాత్రిపూట ఎవరి చేను మేసేది?" అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

సాయంత్రం ఇంటికి నడుస్తున్నప్పుడు మాత్రం నవ్వు రాలేదు. ఆ పిల్లవాడి తండ్రి అడవి అంచున రెండెకరాలు కౌలుకు తీసుకుని మొక్కజొన్న వేశాడు. కంకి పాలుపోసుకునే రోజుల్లో తండ్రీ కొడుకులు వంతులేసుకుని మంచె మీద కాపలా ఉంటారు. ఆ కుర్రాడు నా క్లాసులో ఎన్నోసార్లు నిద్రపోయాడు. నేను ఎన్నోసార్లు కోప్పడ్డాను. అతను అడిగింది కొంటె ప్రశ్న కాదు. రెండు వేల ఏళ్ళ సాహిత్యం, అంతకంటే పాత రాజ్యాంగ నీతి అడగకుండా దాటేసిన ప్రశ్న.

వేంసూరు ప్రాంతం అంచుల నేల. ఉత్తరంగా, తూర్పుగా సత్తుపల్లి, దమ్మపేట, అశ్వారావుపేట దాటిపోతే పాల్వంచ, భద్రాచలం అడవులు. దక్షిణంగా కొద్ది మైళ్ళు నడిస్తే 2022 వరకు కృష్ణా జిల్లాగా ఉన్న నేల. 1956 వరకు అది రెండు రాజ్యాల హద్దు. 2014 నుంచి మళ్ళీ రెండు రాష్ట్రాల హద్దు. ఇలాంటి చోట దుప్పి ఒక రాత్రిలో అడవి దాటి, పట్టా భూమి దాటి, పోడు దాటి, ఇంకో అడవిలోకి పోతుంది. దానికి హద్దురాళ్ళు తెలియవు. హద్దురాళ్ళు పాతిన మనుషులకు మాత్రం ఆ దుప్పి మీద ఒక్కొక్కరికి ఒక్కొక్క ఉద్దేశం. కొమ్ముల కోసం చూసేవాడొకడు, మాంసం కోసం చూసేవాడొకడు, అది తన చేలో అడుగుపెట్టకుంటే చాలనుకునేవాడొకడు, దాని సంఖ్య పెరగాలనే ప్రభుత్వం ఒకటి. ఇరుగుపొరుగు వేటగాళ్ళ ఉద్దేశాలు వేరైనప్పుడు ఎవరి ఉద్దేశం చట్టమైంది, ఎవరి చేను దానికి మూల్యం చెల్లించింది అన్నదే ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచిన విషయం.

2

మొదట మన పుస్తకాలనే చూద్దాం. శాకుంతలం ప్రథమాంకంలో జరిగేది నిజానికి ఒక హద్దు తగాదా. అడవి రాజుది, వేట రాజు హక్కు. ఆశ్రమం మునులది, అక్కడ జింక పెంపుడు బిడ్డలాంటిది. ఒకే జంతువు మీద ఇద్దరు పొరుగువాళ్ళకు రెండు ఉద్దేశాలు. మునుల మాట నెగ్గింది. ఎందుకు నెగ్గింది? వాళ్ళ తపస్సుకు రాజు భయపడ్డాడు, గౌరవించాడు. అదే చోట మునికి బదులు ఒక కాపువాడు అడ్డం నిలబడి, ఇది నా చేను, నీ రథం నా పైరు తొక్కుతోందని అని ఉంటే నాటకం ఎలా నడిచేదో ఊహించుకోవచ్చు. అసలు నాటకమే ఉండేది కాదు.

ఆదిపర్వంలో పాండురాజు జింక రూపంలో ఉన్న కిందమ మునిని చంపి శాపం పొందుతాడు. శాపానికి ముందు ఒక వాదం నడుస్తుంది. మృగాలను వేటాడడం రాజధర్మమని పాండురాజు సమర్థించుకుంటాడు. ముని కూడా ఆ ధర్మాన్ని కాదనడు. జతకూడిన వేళ కొట్టడమే తప్పంటాడు. వేట హక్కు రాజుదన్న విషయంలో ఇద్దరికీ పేచీ లేదు. మనుచరిత్రలో స్వరోచి వేటాడినా, కాళహస్తీశ్వర మాహాత్మ్యంలో తిన్నడు వేటాడినా కవులు కుక్కల పేర్లు, వలల రకాలు, మృగాల పరుగులు కన్నులపండువుగా వర్ణించారు. ధూర్జటి బోయల బతుకును దగ్గరనుంచి చూసినవాడిలా రాశాడు. అయినా ప్రబంధాల్లో వేట ప్రధానంగా వీరరసానికి సందర్భం. పైరు ఉన్నా అది నేపథ్యమే.

పైరుకు దగ్గరగా ఉన్న సాహిత్యం లేకపోలేదు. హాలుని పేర వెలసిన గాథాసప్తశతిలో వరిచేను కాసే పడుచులున్నారు, వేటగాళ్ళ భార్యలున్నారు. ఆ గాథల ప్రాకృతం పల్లెకు చెవి ఒగ్గింది. తరవాతి కాలంలో ఆస్థానాల్లో పెరిగిన కావ్యానికి ఆ చెవి మందగించింది. మాటల ఎంపికలోనే ఇది కనిపిస్తుంది. కావ్యంలో హరిణం, కురంగం, ఏణం. చేలో దుప్పి, కణుజు, ఇర్రి. కావ్యంలోని పేర్లు కళ్ళను పోల్చడానికి పనికొచ్చాయి. చేలోని పేర్లు అడుగుజాడ చూసి ఏది మేసిందో చెప్పడానికి పనికొచ్చాయి.

అరణ్యపర్వంలో మాత్రం ఒక ఘట్టం నన్ను ఎప్పుడూ ఆపుతుంది. పాండవులు ద్వైతవనంలో ఉన్నప్పుడు ధర్మరాజుకు కలలో జింకలు కనిపిస్తాయి. మీ వేట వల్ల మా కులం తరిగిపోయింది, ఇప్పుడు విత్తనానికి మిగిలినట్టు కొద్దిమందిమే ఉన్నాం, మమ్మల్ని బతకనివ్వండని వేడుకుంటాయి. ధర్మరాజు మేలుకుని, తమ్ములను పిలిచి, ఆ వనం వదలి కామ్యకవనానికి పోదామంటాడు. జింకల మాటలోని విత్తనం అన్న పోలికను గుర్తుంచుకోవలసిందిగా పాఠకులను కోరుతున్నాను. దాని అవసరం ముందు ముందు వస్తుంది.

3

కావ్యం దాటేసిన విషయాన్ని రాజ్యం దాటేయలేదు. రాజ్యానికి జింక అందం అక్కరలేదు, దాని లెక్క కావాలి. కౌటిల్యుని అర్థశాస్త్రంలో అభయవనాలున్నాయి. వాటిలో రక్షణ పొందిన మృగాలను పట్టినా చంపినా పెద్ద దండన ఉంది. మాంసం వ్యవహారం చూడడానికి సూనాధ్యక్షుడనే అధికారి ఉన్నాడు. అభయం అన్న మాట దయతో కూడినదిగా వినిపిస్తుంది. కాని ఆ అభయం ఇచ్చేది రాజు, అది తప్పితే దండించేదీ రాజు, రాజు కోసం ప్రత్యేకించిన విహారవనాలు ఎటూ ఉన్నాయి. ఎవరి నుంచి అభయం అని ప్రశ్నిస్తే సామాన్యుడి నుంచే అనవలసి వస్తుంది.

మన కర్నూలు సీమలోని ఎఱ్ఱగుడి బండల మీద అశోకుని శాసనాలున్నాయి. మొదటి శాసనంలో ఆయన తన వంటశాల సంగతే చెప్పాడు. ఒకప్పుడు లెక్కలేనన్ని ప్రాణులను చంపేవారట. శాసనం వేయించేనాటికి రోజుకు రెండు నెమళ్ళు, ఒక జింక. ఆ జింక కూడా ప్రతిరోజూ కాదట. ఇకముందు అవీ చంపబోరట. చరిత్రలో పాలకుడు తన కంచంతో మొదలుపెట్టి నియమం ప్రకటించిన అరుదైన సందర్భం ఇది. ఆ గొప్పతనాన్ని ఒప్పుకుందాం. అదే అశోకుడు పదమూడో శాసనంలో అడవి ప్రజలకు నచ్చజెబుతూనే, తన శక్తిని మరిచిపోవద్దని హెచ్చరించాడని కూడా గుర్తుంచుకుందాం. కరుణ, హెచ్చరిక ఒకే బండ మీద చెక్కి ఉన్నాయి. అడవి పట్ల రాజ్యం చూపిన వైఖరికి అంతకంటే మంచి నమూనా దొరకదు.

4

ఈ వైఖరి ఒక్క మన దేశానిదే అనుకుంటే పొరపాటు. ఇంగ్లండును జయించిన విలియం 1079లో న్యూ ఫారెస్టును తన వేట అడవిగా ఏర్పాటు చేసుకున్నాడు. అక్కడ దుప్పికి ఉన్న రక్షణ రైతు పైరుకు లేదు. 1525లో జర్మనీ రైతులు తిరగబడినప్పుడు పన్నెండు కోరికల పత్రం అచ్చువేసి పంచారు. అందులో నాలుగోది వేట గురించే. పేదవాడు అడవిజంతువును పట్టరాదట, అది వచ్చి పైరు నాశనం చేస్తుంటే మాత్రం నోరుమూసుకుని చూడాలట, ఇదెక్కడి న్యాయమని వాళ్ళు అడిగారు. ఐదో కోరిక అడవి కట్టెల గురించి. ఎంగెల్స్ 1850లో ఆ రైతు యుద్ధం మీద పుస్తకమే రాశాడు.

1723లో ఇంగ్లండు పార్లమెంటు నల్ల చట్టం చేసింది. ముఖానికి మసిపూసుకుని దుప్పులను వేటాడినవాడికి ఉరి. ఇ.పి. థాంప్సన్ 1975లో ప్రచురించిన గ్రంథంలో ఆ చట్టం వెనకున్న భూమి తగాదాలను తవ్వితీశాడు. వేటగాళ్ళని ముద్రపడినవాళ్ళలో చాలామంది తమ పాత హక్కులు పోగొట్టుకున్న రైతులు, పనివాళ్ళు అని తేల్చాడు. 1789 ఆగస్టులో ఫ్రెంచి విప్లవసభ భూస్వాముల ప్రత్యేక వేట హక్కును రద్దుచేసింది. తన భూమి మీదికొచ్చిన జంతువును చంపే హక్కు ప్రతి భూయజమానికీ ఉందని ప్రకటించింది. భూమిలేనివాడి సంగతి ఆ ప్రకటనలో లేదు. 1842లో యువకుడైన మార్క్స్ రైన్ ప్రాంతపు శాసనసభ చర్చలను విమర్శిస్తూ, అడవిలో రాలిన పుల్లలు ఏరుకోవడం దొంగతనమెలా అయిందని నిలదీశాడు. ఆర్థిక ప్రశ్నల వైపు తనను మళ్ళించిన విషయాల్లో అది ఒకటని ఆయనే తరవాత చెప్పుకున్నాడు.

ఈ తేదీలన్నీ వరసగా పెట్టి చూస్తే ఒక సూత్రం కనిపిస్తుంది. జింకను ఎవరు కాపాడుతున్నారు, ఎవరు చంపుతున్నారు అన్నది పైకి కనిపించే ప్రశ్న. ఎవరి వినోదాన్ని హక్కు అన్నారు, ఎవరి ఆకలిని నేరం అన్నారు అన్నది లోపలి ప్రశ్న.

5

ఇక మన అంచుకు వద్దాం. 1860లో నిజాం గోదావరి ఎడమగట్టున ఉన్న భద్రాచలం, రేకపల్లి తాలూకాలను బ్రిటిషువారికి వదులుకున్నాడు. అవి కొంతకాలం సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీ గోదావరి జిల్లాలో కలిశాయి. కుడిగట్టున పాల్వంచ సంస్థానం నిజాం కిందనే ఉంది. గోదావరిలో నీళ్ళు తగ్గినప్పుడు ఒక కణుజు ఏరు దాటితే రాజ్యం మారేది. దాన్ని తరుముకుంటూ వచ్చిన కోయవాడు గట్టు దాటితే నేరం పేరు మారేది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక ఎడమగట్టున రిజర్వు అడవుల గీతలు పడ్డాయి. పోడు, కట్టె, మేత, వేట ఒక్కొక్కటీ అనుమతుల పరిధిలోకి పోయాయి. అంతకు ముందే, 1879లో రంప తిరుగుబాటు లేచింది. కల్లు పన్ను, మన్సబుదారు దోపిడీ దానికి దగ్గరి కారణాలు. 1922-24 నాటి మన్యం పోరాటానికి పోడు మీద ఆంక్షలు, రోడ్డు పనిలో వెట్టి కారణమయ్యాయి. ఈ రెంటి మధ్య నలభై ఏళ్ళలో జరిగింది ఒక్కటే. అడవి మనిషి ఇంటివాడిగా ఉన్న చోట కూలివాడయ్యాడు.

1878 నాటి ఆయుధాల చట్టం కూడా ఇక్కడ చెప్పుకోవాలి. లైసెన్సు లేకుండా తుపాకి ఉండరాదన్నారు. దొరకు, అధికారికి లైసెన్సు దొరికింది. చేను కాసేవాడికి వడిసెల, డప్పు, పొగ మిగిలాయి. స్వాతంత్ర్యం తరవాత 1959లో వచ్చిన ఆయుధాల చట్టంలో పంట రక్షణకు నాటు మందు తుపాకి లైసెన్సు మాట చేరింది. ఆ లైసెన్సు కాగితం దాకా పోగలిగిన రైతు ఎవరన్నది వేరే ప్రశ్న.

నిజాం వైపు సంగతి మరొకటి. 1902 ఏప్రిల్‌లో వైస్రాయి కర్జన్ వరంగల్ ప్రాంతంలో నెక్కొండ దగ్గర పులివేటకు వచ్చాడు. చంపిన పులి దగ్గర కర్జన్ దంపతులు నిలబడి తీయించుకున్న ఛాయాచిత్రం ఈనాటికీ ప్రసిద్ధం. ఫోటోలో తుపాకి పట్టిన చేయి కనిపిస్తుంది. పొద్దుటినుంచి డప్పులు కొట్టి, పొదలు కొట్టి మృగాన్ని తుపాకి ముందుకు తోలుకొచ్చిన చేతులు కనిపించవు. దొరల, అధికార్ల శికారుకు మృగాలను తోలడం తెలంగాణ వెట్టిలో ఒక భాగం. కోతల రోజైనా, నాట్ల రోజైనా పిలుపొస్తే పోవాలి. తన చేను మేసిన దుప్పిని తాను ముట్టరాదు, దొర కొట్టడానికి మాత్రం దాన్ని తాను తోలుకురావాలి! ఒక జంతువు మీద ఇద్దరి ఉద్దేశాలు వేరైనప్పుడు భూస్వామ్యం చూపిన పరిష్కారం ఇది. బలహీనుడి ఉద్దేశాన్ని బలవంతుడి ఉద్దేశానికి కూలిగా మార్చడం.

1946లో మొదలైన సాయుధ పోరాటం ఈ వెట్టి మీదనే లేచింది. 1949 ఆగస్టులో హైదరాబాదు జాగీర్లు రద్దయ్యాయి. మద్రాసు వైపు ఎస్టేట్ల రద్దు చట్టం 1948లోనే వచ్చింది. కర్జన్ వేటాడిన ఆ వైపునే ఉన్న పాకాల అడవి 1952లో అభయారణ్యమైంది. దొర పోయాడు. అడవి ప్రభుత్వానికొచ్చింది. చేను కాసేవాడు మంచె దిగలేదు.

6

ఇక మన సాహిత్యంలో ఎక్కువగా అపార్థానికి గురైన వేటగాడు కోయవాడు. భద్రాచలం, పాల్వంచ కోయల్లో వానలు పడేముందు విత్తనాల పండుగ ఉంటుంది. విజ్జు పండుం అంటారు, భూమి పండుగ అనీ అంటారు. విత్తనాలను పూజలో పెట్టి పంచుకుంటారు. మగవాళ్ళు గుంపుగా వేటకు పోతారు. ఉత్తచేతులతో తిరిగొచ్చినవాళ్ళను ఆడవాళ్ళు ఎగతాళి చేసి పేడనీళ్ళు చల్లుతారు. దొరికింది ఊరు పంచుకుంటుంది. ఇక్కడ వేట ఉద్దేశం కొమ్ము కాదు, ఫోటో కాదు. విత్తు నేలలో పడేముందు ఊరు ఒక్కటిగా నిలవడం.

మహాభారతంలో జింకలు తాము విత్తనానికి మిగిలామన్నాయి. కోయల వేట విత్తనం చుట్టూనే తిరుగుతుంది. ఈ రెండూ ఎదురెదురుగా నిలబడినట్టు కనిపించినా, రెండింటి లోపల ఒకే లెక్క ఉంది. వచ్చే ఏటికి మిగలాలి. వేటకు ఒక రుతువుండడం, ఒక పండుగ ఉండడం, మిగిలిన రోజుల్లో పొలం పనులుండడం వల్ల ఆ లెక్క దానంతటదే సరిపోయేది. అడవి విశాలంగా, మనుషులు కొద్దిమందిగా ఉన్నన్నాళ్ళు అది నిలిచింది.

ఇక్కడ మన రచయితలు జాగ్రత్తపడవలసిన విషయం ఒకటుంది. దాన్ని గతంలో నిలిచినట్టే ఇప్పుడూ నిలుస్తుందని రాయడం చారిత్రక దృష్టి కాదు. కాంట్రాక్టర్లు కలప, వెదురు తరలించారు. గనులొచ్చాయి, ఆనకట్టలొచ్చాయి, తోటలొచ్చాయి. అడవి ముక్కలైంది. ఆ ముక్కలో ఈనాడు పండుగ వేట చేస్తే విత్తనానికి కూడా మిగలకపోవచ్చు. ఈ మాట కోయ పెద్దలకు మనకంటే ముందే తెలుసు. కాని అడవిని ముక్కలు చేసినవాడు వేరు, శిక్ష పడుతున్నవాడు వేరు. ఈ రెండో వాక్యం రాయకుండా మొదటి వాక్యం మాత్రమే రాస్తే మనం అటవీ శాఖ గుమాస్తాలమవుతాం. మొదటిది రాయకుండా రెండోది మాత్రమే రాస్తే భావకవులమవుతాం.

7

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అది అవసరమైన చట్టమనడంలో సందేహం లేదు. అది లేకుంటే రాజావారి తుపాకికి, జీపుల్లో వచ్చే పట్నం శికారీకి, చర్మాల వర్తకుడికి అడ్డే ఉండేది కాదు. మొదట్లో కొన్ని జంతువుల వేటకు లైసెన్సుల పద్ధతి మిగిలింది. 1991 సవరణతో అదీ పోయింది. 1977లో పాల్వంచ దగ్గర కిన్నెరసాని అభయారణ్యం ఏర్పడింది. దాని వైశాల్యం సుమారు 635 చదరపు కిలోమీటర్లు. మరుసటి ఏడు పాపికొండలు అభయారణ్యమయ్యాయి, 2008లో జాతీయ పార్కు అయ్యాయి. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక జింక రాష్ట్ర జంతువైంది.

చట్టంలోని ఒక విశేషాన్ని గమనించాలి. ముప్పైతొమ్మిదో సెక్షను ప్రకారం చచ్చి దొరికిన వన్యమృగం, వేటాడబడిన వన్యమృగం ప్రభుత్వ ఆస్తి. చేలో చచ్చి పడిన దుప్పికి యజమాని ఉన్నాడు. బతికి చేను మేస్తున్న దుప్పికి జవాబుదారీ మాత్రం సులువుగా కనిపించడు. పంటకు ముప్పు చేసే జంతువు విషయంలో పదకొండో సెక్షను కింద ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు అనుమతి ఇవ్వవచ్చు. అడవిపంది విషయంలో ప్రభుత్వాలు షరతులతో అలాంటి అనుమతులిచ్చాయి కూడా. పంటనష్టానికి పరిహారమూ ఉంది. కాని పరిహారం పట్టా కాగితం వెంట నడుస్తుంది. కౌలు కాగితం మీద ఉండదు, నోటిమాట మీద ఉంటుంది. నా క్లాసులో నిద్రపోయిన పిల్లవాడి తండ్రి ఏ కాగితంలోనూ లేడు.

2006 అటవీ హక్కుల చట్టం ఆదివాసులకు భూమి మీద, అటవీ ఫలసాయం మీద హక్కును గుర్తించింది. చారిత్రక అన్యాయాన్ని సరిదిద్దుతున్నామని ఆ చట్టమే ఒప్పుకుంది. సంప్రదాయ హక్కులన్నీ లెక్కించి, వేటాడే హక్కును మాత్రం స్పష్టంగా మినహాయించింది. ఆ మినహాయింపు సరైనదా కాదా అన్నది ఇక్కడ తేల్చడం లేదు. ఒకప్పుడు రాజుకు ప్రత్యేక హక్కుగా ఉన్నది, ఆదివాసికి హక్కు ఇచ్చే రోజు వచ్చేసరికి ఎవరికీ లేని హక్కయిందన్నది మాత్రం చరిత్ర.

మధ్యలో మిగిలిన రైతు ఏం చేశాడు? చీరెలు కట్టాడు, ముళ్ళకంప వేశాడు, రాత్రంతా డబ్బాలు మోగించాడు. ఓపిక చచ్చిన చోట, గుట్టుగా, చేను చుట్టూ కరెంటు తీగ లాగాడు. ఆ తీగకు అడవిపందీ దుప్పీ తేడా తెలియదు, పొరుగు రైతూ తెలియదు. నీళ్ళు కట్టడానికి చీకట్లో పోయిన మనిషి తీగమీద పడి చనిపోయాడన్న వార్త మన రాష్ట్రంలో పత్రికలు చదివేవారికి కొత్తది కాదు. తీగ వేసినవాడు నేరస్థుడే. ఆ తీగ దాకా అతన్ని నడిపించిన దారిని కూడా రాయవలసినవాడు రచయిత.

8

రక్షణ ఒక్కటే చాలదనడానికి రోళ్ళపాడు ఉదాహరణ. కర్నూలు సీమలో బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యం ఏర్పాటు చేశారు. గడ్డిభూమికి రక్షణ దొరికేసరికి కృష్ణజింకలు పెరిగి చుట్టుపక్కల చేలమీద పడ్డాయి. రైతులకు అభయారణ్యం మీదే కోపమొచ్చింది. ఎవరి కోసం అది పెట్టారో ఆ బట్టమేక పిట్ట దాదాపు కనుమరుగైంది. కృష్ణా తీరాన నారాయణపేట వైపు రైతులూ కృష్ణజింకల మందల గురించి ఏళ్ళుగా మొరపెట్టుకుంటున్నారు. చుట్టూ ఉన్నవాళ్ళను కలుపుకోని రక్షణ, రక్షించదలచిన దానికే చేటు తెచ్చిందన్నమాట.

ఇతర దేశాలు ఏం చేశాయో చూస్తే రెండు విషయాలు నేర్చుకోవచ్చు. జర్మనీలో 1848 విప్లవం పరుల భూమి మీద వేటాడే భూస్వామి హక్కును రద్దుచేసింది. ప్రతి చిన్న రైతూ తుపాకి పట్టేసరికి జంతువులు వేగంగా తరిగిపోయాయి. 1850లో ప్రష్యా ఒక కొలత పెట్టింది. ఒకచోట సుమారు 75 హెక్టార్లు ఉంటేనే సొంత వేట. అంతకంటే చిన్న కమతాలన్నీ కలిసి ఊరుమ్మడి వేటక్షేత్రం కావాలి. ఆ పద్ధతి ఈనాటికీ నడుస్తోంది. వేట హక్కును కౌలుకు తీసుకున్నవాడే మామూలుగా పంటనష్టమూ భరిస్తాడు. ఈ పద్ధతిలో డబ్బున్నవాడికి పెద్దపీట వేశారన్న విమర్శ ఉంది, అది నిజమే. కాని వేటాడే హక్కునూ పంట నష్టాన్నీ ఒకే తాడుతో కట్టడంలో వివేకముంది.

అమెరికాలో జింక ప్రజలందరిదని చట్టం అంటుంది. భూమిలోకి రానిచ్చే హక్కు మాత్రం యజమానిది. అక్కడ ఒకడు కొమ్ములు ముదరాలని పడుచు పోతులను వదిలేస్తాడు. కంచె దాటిన మరుక్షణం పొరుగువాడు దాన్నే కాలుస్తాడు. ఒకడు ఆడజింకలు ఎక్కువై అడవి చిగుళ్ళన్నీ మేసేస్తున్నాయంటాడు, ఇంకొకడు ఆడదాన్ని కాల్చడం పాపమంటాడు. జింక తిరిగే మేర ఏ ఒక్కరి కమతం కంటే పెద్దది కనుక ఒక్కడు పెట్టుకున్న నియమం కంచె దగ్గర ఆగిపోతుంది. చాలాచోట్ల ఇరుగుపొరుగు యజమానులు సంఘాలుగా కూర్చుని, ఏ జంతువును కొట్టాలి, దేన్ని వదలాలి అని ఒప్పందాలు చేసుకుంటున్నారు. అక్కడి తగాదా కొమ్ముల పొడుగు గురించి, మనది గింజల గురించి. రెంటినీ ఒకే త్రాసులో వేయడం నా ఉద్దేశం కాదు. అయినా చరాస్తి కాని, స్థిరాస్తి కాని ఈ ప్రాణి విషయంలో ఒక్కొక్కడు విడివిడిగా ఏ నిర్ణయమూ తీసుకోలేడన్న సత్యం రెండుచోట్లా ఒకటే.

మనకు ఆ సంఘం కొత్తగా కనిపెట్టవలసిన పని లేదు. గ్రామసభ ఉంది. అటవీ హక్కుల చట్టం అడవిని, వన్యప్రాణులను కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. కావలసింది ఆ సభలో పట్టాదారుతోపాటు కౌలుదారు కూర్చోవడం, కోయ గూడెం కూర్చోవడం, మంచె మీద కాపలా ఉండే ఆడమనిషి కూర్చోవడం, అటవీ ఉద్యోగి వచ్చి తీర్పు చెప్పకుండా లెక్క చెప్పడం. నష్టం ఎవరి చేలో జరిగితే వారి పేరనే పరిహారం రావాలి. చేనుకాపు ఒక్క ఇంటి నిద్ర కాకుండా ఊరి పని కావాలి. ఇవి తీరని కోరికలేమీ కావు. సుమారు ఐదువందల ఏళ్ళ తరవాత వచ్చిన నాలుగో కోరిక మాత్రమే.

9

చివరగా మన రచయితల గురించి. అభ్యుదయ సాహిత్యంలో పులి దోపిడీదారు, జింక పీడితుడు. ఈ పోలికను మనం ఎంతగా వాడామంటే అది పోలిక అన్న సంగతే మరిచిపోయాం. పట్నంలో కూర్చుని రాసినవాడికి అది సహజమైన పోలిక. మంచె మీద కూర్చున్నవాడికి అది ఎదురు తిరుగుతుంది. పులి వచ్చి దుప్పిని తింటే అతని మొక్కజొన్న బతుకుతుంది! వర్గ దృష్టి అంటే జంతువులకు వర్గాలు అంటగట్టడం కాదు. ఆ జంతువు చుట్టూ మనుషులకున్న సంబంధాలను చూడడం. దుప్పి అమాయకమైనదే, దాని ఆకలీ నిజమే. రైతు ఆకలీ, కోయ ఆకలీ నిజమే. ఈ మూడు ఆకళ్ళను ఎదురెదురుగా నిలబెట్టిన చరిత్రలో మాత్రం అమాయకత్వం లేదు.

ఆ పిల్లవాడి ప్రశ్నకు నేను ఆరోజు జవాబు చెప్పలేదు. తరవాతి వారం క్లాసులో చెప్పాను. కణ్వాశ్రమం పక్కన కూడా చేలుండే ఉంటాయి, వాటిని కాసినవాళ్ళూ ఉండే ఉంటారు, వాళ్ళ మాట రాసిపెట్టినవాళ్ళు లేరు అన్నాను. ఈసారి క్లాసు నవ్వలేదు. మొక్కజొన్న కోతలు అయిపోయాయి కాబట్టి ఆ కుర్రాడు మెలకువగానే ఉన్నాడు. "అయితే మేం రాయొచ్చా సార్?" అన్నాడు. రాయమని ఒక తెల్లకాగితాల పుస్తకం ఇచ్చాను. అందులో మొదటి పేజీ దుప్పి అడుగులు ఎలా గుర్తుపట్టాలన్న దానితో మొదలైంది.